లేని ఊరికి బోర్డు

చిరంజీవి బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కథలోని ఊరికి పసుపు రైల్వే బోర్డు, అదీ ఫ్రిజ్‌కి అంటించుకునేలా! ఊహ బాగుంది. కానీ అడుగున సముద్రమట్టానికి ఎత్తు 212 మీటర్లని రాశావేవిటే? గోదావరి డెల్టా ఊరికి ఒక్క అంకె చాలు, నాలుగో ఆరో. లేని ఊరిని నమ్మించేవి ఇలాంటి చిల్లర వివరాలే. 1935లో ఆర్.కె. నారాయణ్ పుస్తకంలో పుట్టిన మాల్గుడికి సరయు నది ఉంది, మెంపి కొండలున్నాయి. ఆ కథల టీవీ సీరియల్‌లో మాల్గుడి స్టేషన్‌గా కనిపించిన కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా అరసాళులో ఇప్పుడు మాల్గుడి పేరుతో మ్యూజియమే ఉంది.

ఇంకోటి, నీ ఊరు లంక. ఏటి మధ్య లంకకి రైలెలా వస్తుందే? బోర్డే కావాలంటే పేరు చివర లంక తీసేసి గరువు అనో పాలెం అనో పెట్టు. లంకే ముద్దనుకుంటే ఏరు దాటించే పంటుకి టికెట్టు చెయ్యి: పల్చటి కాగితం, రేవు పేరు, మనిషికింత, సైకిలుకింత. నన్నడిగితే అదే బాగా అమ్ముడుపోతుంది.

బోర్డుకి 3 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక, సరిపోతుంది. దానికి శత్రువు మన గాలిలో తేమ, అదీ అంచుల్లోంచి దూరుతుంది. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి అంచులకి రెండుసార్లు పట్టించు. రంగుకి ముందు వేసే ప్రైమర్ పూత రెండు వైపులా వెయ్యాలి. ముందువైపే వేస్తే వెనకవైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, ముక్క అప్పడంలా వంగుతుంది. పసుపు రెండు పల్చటి పూతలు.

పైన తెలుగు, తర్వాత హిందీ, కింద ఇంగ్లీషు. ఫైల్ ప్రింటుకి ఇచ్చేముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చు. లేకపోతే షాపు కంప్యూటర్లో నీ ఫాంటుండదు, ఒత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. వరుసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషుకి సరిపడినంత ఇస్తే చాలదు. ఒత్తులు కింది వరుస నెత్తిన పడతాయి.

వెనక 10 మిల్లీమీటర్ల బిళ్ల అయస్కాంతాలు రెండు పెట్టు. ఒక్కటే పెడితే బోర్డు గిర్రున తిరుగుతుంది. క్షణాల్లో అంటుకునే జిగురు వద్దు, ఫ్రిజ్ మీంచి లాగిన నాలుగోసారికే పెళుసుగా విరుగుతుంది. రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ జిగురు కలిపి అంటించి, ఒక రోజు కదపకు.

వార్నిష్ వేశాక వానాకాలంలో రెండు రోజులైనా ఆరనివ్వు. చేతికి అంటకపోయినా లోపల పచ్చిగానే ఉంటుంది. తొందరపడి కవర్లో పెడితే, తీసేటప్పుడు అక్షరాలు కవరుతోపాటే వస్తాయి.

పంటు టికెట్టు గీసి పంపు.

మీ మావయ్య