పొర తెగింది, పగులు పాకలేదు: ఎక్కొచ్చా?

ప్రశ్న: 35 డిగ్రీల వాలు మీద మంచు జారిపడే (అవలాంచ్) ప్రమాదం ఉందేమోనని గొయ్యి తవ్వి, దాని గోడలో కోసిన మంచు దిమ్మను పారతో కొట్టి చూశాం. 22వ దెబ్బకి లోపలి బలహీన పొర (పై మంచు జారిపోయేలా సరిగ్గా అతుక్కోని పొర) తెగింది గానీ పగులు దిమ్మంతా పాకలేదు. వాలు ఎక్కొచ్చా?

జవాబు: ఆ ఒక్క ఫలితాన్ని నమ్ముకుని ఎక్కకండి. ముందు దిమ్మ సరిగ్గా కోశారా? వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, ఎగువకు 30. వెనకవైపు ముడులు వేసిన తాడుతో బలహీన పొర కిందిదాకా కోయాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. వెనక అతుక్కుని ఉంటే లేని బలం కనిపిస్తుంది. పార పలకను ఒక చివర ఆనించి మణికట్టుతో 10, మోచేతితో 10, భుజంతో 10 దెబ్బలు. పొర తెగిన దెబ్బకో, మరుసటి దెబ్బకో పగులు రెండో చివరకు చేరితే వెనక్కి తిరగాల్సిందే.

చేరకపోతే వాలు భద్రమని కాదు. గాలి మంచును ఒకచోట మందంగా, కొన్ని అడుగుల అవతలే పల్చగా పేరుస్తుంది. పల్చని చోట మనిషి బరువు బలహీన పొరను సులువుగా తాకుతుంది. అక్కడ మొదలైన పగులు మందపు భాగంలోకీ పాకగలదు.

అడుగు వేయగానే ‘ధబ్’మని మంచు కుంగినా, కాళ్ల ముందు పగుళ్లు సాగినా, పక్క వాలు కొత్తగా జారి ఉన్నా ఇక గొయ్యి తవ్వడం దండగ. 30 డిగ్రీల లోపు వాలు పట్టుకోండి, దాని పైన నిటారు వాలు వేలాడకుండా చూసుకుని.