చక్రంలో రోజును గీసుకోవడం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొద్దున రాసుకున్న పనుల పట్టీలో రాత్రికి సగం కూడా కొట్టివేయలేకపోతున్నానని, మిగిలినవాటిని మర్నాటి పేజీకి మోసుకుపోతున్నానని రాశావు. నా నోటుపుస్తకంలో చూసిన గుండ్రటి బొమ్మలు ఎలా తయారుచేసుకోవాలో చెప్పమన్నావు. పదకొండేళ్లుగా రోజూ వాడుతున్నాను వాటిని. దినచక్రం అని పిలుచుకుంటాను.

పట్టీకి అడుగంటూ ఉండదమ్మా. పది పనుల కింద పదకొండోది రాసినా కాగితం వద్దనదు. చక్రంలో ఇరవై నాలుగు గంటలు తిరిగి మొదటికి వచ్చాక ఇక చోటు మిగలదు. కొత్త పని పెట్టాలంటే ఉన్నదొకటి తీసేయాలి, లేదా నిద్రలోంచి కోయాలి. ఆ కోత కంటికి కనబడుతుంది. నువ్వు పనులు మరిచిపోయే మనిషివి కావు, రోజుకు పట్టనన్ని రాసుకుంటున్నావు. అందుకే ఇది నీకు పనికొస్తుందని నమ్ముతున్నాను.

ఇక కొలతలు. నీది ఏ5 నోటుపుస్తకం కదా, అంటే వెడల్పు 148 మిల్లీమీటర్లు, ఎత్తు 210. పేజీ పైసగంలో 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గియ్యి. రెండు పక్కలా 24 మిల్లీమీటర్ల చొప్పున అంచు మిగులుతుంది, అది చాలా అవసరం. అదే కేంద్రం నుంచి 42, 34 మిల్లీమీటర్లతో మరో రెండు వృత్తాలు గీస్తే రెండు వలయాలు ఏర్పడతాయి. బయటిది అనుకున్న రోజుకు, లోపలిది నిజంగా జరిగిన రోజుకు. ఒకే వలయంతో సరిపెట్టుకోవాలని నీకు అనిపించవచ్చు. దయచేసి ఆ పని చెయ్యకు. ఈ పద్ధతి ప్రాణమంతా ఆ రెండు వలయాల మధ్య తేడాలోనే ఉంది.

గంటకు 15 డిగ్రీలు. కోణమాని ఉంటే చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోవడమే. లేకపోయినా ఫరవాలేదు. కంపాస్‌ను వృత్తం గీసిన వ్యాసార్ధం మీదే ఉంచి అంచు వెంట అడుగులు వేయించు, సరిగ్గా ఆరు అడుగుల్లో బయలుదేరిన చోటికి చేరుతుంది. ఒక్కో అడుగు నాలుగు గంటలు. దాన్ని సగం చేస్తే రెండు గంటలు, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే ఒక గంట. ఇంకా తేలిక దారి కావాలంటే, గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని మూడుసార్లు సగానికి మడువు. విప్పితే ఎనిమిది భాగాలు, ఒక్కొక్కటి మూడు గంటలు. మన భాషలో దానికి జాము అనే మాట ఎప్పటినుంచో ఉంది. ఈ మడత పట్టుకున్నప్పుడల్లా ఆ మాట నాకు గుర్తొచ్చి సంతోషం వేస్తుంది.

ఈ కొలతలో ఒక గంట అంచు మీద 13 మిల్లీమీటర్లు వస్తుంది, పావుగంట మూడు మిల్లీమీటర్లకు కొంచెం పైన. అంతకంటే చిన్న గీతలు పెట్టకు. పెన్ను మందం ముందు అవి నిలవవు.

అర్ధరాత్రి ఎక్కడ పెట్టాలన్నది నీ ఇష్టం. లండన్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ గేటు దగ్గర 1852లో అమర్చిన గడియారం ముఖం మీద కూడా ఇరవై నాలుగు గంటలు ఉంటాయి, అందులో అర్ధరాత్రి పైన ఉంటుంది. నేను మాత్రం కిందే పెడతాను. అప్పుడు ఉదయం ఆరు ఎడమవైపు, మధ్యాహ్నం నడినెత్తిన, సాయంత్రం ఆరు కుడివైపు వస్తాయి. పొద్దు ఎక్కి దిగినట్టే రోజు కూడా ఎక్కి దిగుతుంది. కింది భాగమంతా నిద్ర. గోడ గడియారంలాగా పన్నెండు గంటలకే గీసేవాళ్లూ ఉన్నారు. గంటకు 30 డిగ్రీలు వచ్చి రాసుకోవడానికి చోటు రెట్టింపవుతుంది. కానీ రోజు రెండు ముక్కలవుతుంది, నిద్ర ఎంతో ఒక్క చూపులో కనబడదు. నీకు నేను దాన్ని సూచించను.

రోజూ చేత్తో గీయనక్కరలేదు, ప్రింట్ తీసుకోవచ్చు. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఇరవై నాలుగు గడుల్లో ఒకటి, ఒకటి అని నింపి, డోనట్ చార్ట్ అడిగితే సమానమైన ఇరవై నాలుగు ముక్కల వలయం క్షణంలో వస్తుంది. రంగులన్నీ తీసేసి గీతలను లేత బూడిద రంగులో ఉంచు. నల్లగీతల మధ్య నీ రాత కనబడదు. ఏ4 కాగితం సరిగ్గా రెండు ఏ5లు, కాబట్టి ఒక్కో కాగితం మీద రెండు చక్రాలు పడతాయి. ప్రింట్ ఇచ్చేటప్పుడు పేజీకి సరిపెట్టే ఎంపికను తీసేసి, పరిమాణం నూరు శాతం దగ్గర ఉంచు. ఒకసారి నేను ఇది చూసుకోక నలభై కాగితాలు తీయించాను. చక్రాలన్నీ కుంచించుకుపోయి, చక్రం కొలతకు కత్తిరించుకున్న నా అట్టముక్కతో కలవలేదు. అప్పటినుంచి కాగితం మూల 50 మిల్లీమీటర్ల గీత ఒకటి ఉంచుతున్నాను. మొదటి కాగితం రాగానే స్కేలుతో ఆ గీతను కొలుస్తాను, సరిపోయాకే మిగతావి.

అంటించడం దగ్గర జాగ్రత్త. నీళ్ల జిగురు కాగితాన్ని ముడతలు పెడుతుంది, గ్లూ స్టిక్ వాడు. అయినా ముప్పై నలభై చక్రాలు అంటించేసరికి పుస్తకం ఉబ్బి మూసుకోదు. అందుకని నేను అంటించడం మానేశాను. ముదురు గీతలతో ఒకే ఒక్క చక్రం ప్రింట్ తీసి, దాన్ని రాసే పేజీ కింద పెట్టుకుంటాను. నోటుపుస్తకం కాగితం మరీ మందం కాకపోతే గీతలు పైకి కనబడతాయి, వాటి మీదుగా పెన్సిల్‌తో గీసుకోవడమే. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో మనసు కూడా కుదురుకుంటుంది. స్టిక్కర్ కాగితం మీద తీయాలనుకుంటే కొన్ని ఊడదీసిన షీటును మళ్లీ లేజర్ ప్రింటర్‌లో పెట్టకు, వేడికి మిగిలినవి లోపల అంటుకుపోతాయి. ఇంక్‌జెట్ ప్రింట్ మీద హైలైటర్ రుద్దితే గీతలు చెదురుతాయన్నదీ గుర్తుంచుకో.

ఇక నింపే వరస. ముందు రోజు రాత్రి ఐదు నిమిషాలు చాలు. పెన్సిల్‌తో మొదట నిద్ర గియ్యి. ఏడు గంటలకు, అంటే 105 డిగ్రీలకు తగ్గించకు. ఒక చక్రంలో అర్ధరాత్రి గీతకు అటు నిన్నటి నిద్ర చివర, ఇటు ఈ రాత్రి నిద్ర మొదలు ఉంటాయి. అవి ఒకే రాత్రివి కావు, అయినా కలిపే గియ్యి, మొత్తం తెలిస్తే చాలు. తర్వాత కదపలేనివి: ఉద్యోగం, తరగతి, వాటికి పోయి వచ్చే సమయం. ప్రయాణాన్ని వదిలేసి గీసే చక్రం అబద్ధం చెబుతుంది. తిండికి, స్నానానికి కూడా వాటి ముక్కలు వాటికి ఇవ్వు. అప్పుడు మిగిలిన తెల్లటి చోటు చూడు. అందులోనే నీ చదువు, నీ ఇష్టాలు. ఆ తెలుపులోనూ మూడో వంతు ముట్టుకోకుండా వదిలెయ్యి. అనుకోని పనులు వచ్చి కూర్చునేది అక్కడే.

ముక్కల లోపల అక్షరాలు ఇరికించకు. ముక్కకు రంగు వేసి, అంచులోకి చిన్న గీత లాగి అక్కడ పేరు రాయి. మూడు నాలుగు రంగులకు మించితే ఏది దేనికో నీకే గుర్తుండదు. మధ్యలో మిగిలిన గుండ్రటి చోట ఆ రోజు తప్పక జరగవలసిన ఒక్క పని రాసుకో. పేజీ కింది సగం మిగతా పట్టీకి.

లోపలి వలయాన్ని సిరాతో నింపు. ప్రతి అరగంటకూ పుస్తకం తెరిస్తే విసుగొస్తుంది, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. జరిగింది జరిగినట్టు రాయాలి. రెండు గంటలు ఊరికే ఫోను చూస్తే ఆ రెండు గంటలూ అలాగే గియ్యి. ఎవరికీ చూపించనక్కరలేదు. వారం చివర ఏడు పేజీలు వరుసగా తిప్పి చూస్తే రెండు వలయాలూ ఎక్కడ విడిపోతున్నాయో తెలుస్తుంది. ఉత్తరాలు, లెక్కలు చూసుకోవడానికి గంట చాలని నేను ఏళ్ల తరబడి అనుకున్నాను. లోపలి వలయం ప్రతిసారీ గంటా నలభై నిమిషాలు చూపించింది. ఇప్పుడు దానికి 25 డిగ్రీలు ఇస్తున్నాను, సాయంత్రాలు వెనకటిలా చెదరడం లేదు.

పావుగంటకొక సమావేశం ఉండే రోజున మాత్రం ఇది సాయపడదు. ఆ రోజు నిలువుగా గంటలు వేసుకుని రాసుకో, తప్పేమీ లేదు.

ఈ ఉత్తరంతో ఏడు చక్రాలు, పేజీ కింద పెట్టుకునే కాగితం ఒకటి పంపుతున్నాను. మొదటి వారం బయటి వలయం ఖాళీగానే ఉంచు, ఏదీ అనుకోవద్దు. లోపలిది మాత్రమే నింపు. ఎనిమిదో రోజు రాత్రి ఆ ఏడు కాగితాలూ పక్కన పెట్టుకుని మొదటిసారి బయటి వలయం గియ్యి, ఆ చక్రం ఒకటి నాకు పంపు.

నీ పెద్దమ్మ