ఆ పోలరాయిడ్ స్లైడు యంత్రం సంగతి తర్వాత, ముందు స్లైడ్లు వెతకండి

అటక సర్దుతుంటే మీ మామగారి పోలరాయిడ్ ఆటోప్రాసెసర్ (తెర మీద వేసి చూపే ఫోటో స్లైడ్ల ఫిల్మును ల్యాబు అవసరం లేకుండా నిమిషాల్లో తయారుచేసే చిన్న యంత్రం), స్లైడ్లకు ఫ్రేములు బిగించే సాధనం, తెరవని ఫిల్ము డబ్బాలు రెండు దొరికాయని, అమ్మాలా పారేయాలా అని అడిగారు. ఆ యంత్రంలో తయారైన స్లైడ్లు ఇంట్లో ఎక్కడున్నాయో ముందు మామగారిని అడగండి. అసలు విలువ వాటిది.

1989లో నేను అమెరికాలో పాథాలజీ విభాగంలో పరిశోధన చేస్తున్నాను. మర్నాడు ఉదయం ఆరు గంటలకు సదస్సుకు బయలుదేరాలి. రాత్రి పదకొండు గంటలకు మా ప్రొఫెసర్ రెండు చిత్రాలు మార్చాలన్నారు. మామూలు స్లైడు ఫిల్ము ల్యాబుకు వెళ్ళి రావడానికి సమయమేదీ? మైక్రోస్కోపు మీది కెమెరాలో పోలాక్రోమ్ చుట్ట, అంటే పోలరాయిడ్ వారి రంగుల స్లైడు ఫిల్ము, వేసి ఫోటోలు తీశాను. చుట్టను, దానితో వచ్చిన రసాయనపు ప్యాకును ఆటోప్రాసెసర్‌లో పెట్టి, ఫిల్ము కొసను ప్యాకులోని పట్టీకి తగిలించి మూత వేశాను. మీట నొక్కితే లోపల రసాయనపు సంచి పగులుతుంది. ఇక పిడి ఆగకుండా తిప్పాలి. చెయ్యి తడబడితే ఫిల్ము మీద చార పడుతుంది. గోడ గడియారం చూస్తూ అరవై సెకన్లు ఆగి, చుట్ట వెనక్కి తిప్పి, ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. గులాబీ, ఊదా రంగుల్లో కణాలు! ఫిల్ముకు తడి కూడా లేదు. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఈనాటి ఏ కెమెరాతోనూ కలగలేదు.

యంత్రం మాత్రం ఇక పనిచేయదు. చుట్టకొక ప్యాకు ఉండాలి, అవి ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీకి చేతులెత్తేశాక, తీసిన వెంటనే కాగితం మీద వచ్చే ఫోటోల ఫిల్ముకు మళ్ళీ ప్రాణం పోసినవాళ్ళు ఉన్నారు కానీ, స్లైడు ఫిల్ము జోలికి ఎవరూ పోలేదు. మీ పాత డబ్బాలతో ప్రయత్నించకండి. ఆ రసాయనం గాఢమైన క్షారం, చర్మానికి మంచిది కాదు.

స్లైడ్లు దొరికితే బాగా పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. సన్నటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు వరుసగా కనిపిస్తే, ఒక పక్క అద్దంలా మెరుస్తుంటే అది పోలాక్రోమే. దయచేసి గుడ్డతో తుడవకండి. నా స్లైడ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఒక దుకాణంలో ఇస్తే, దుమ్ము పోతుందని తుడిచి ఇచ్చారు. ఆ రాత్రి తీసిన రెండింట్లో ఒకదాని మీద కణాలకు అడ్డంగా మూడు గీతలు పడ్డాయి. ఎన్ని మాటలన్నా ఏం లాభం? పాత వస్తువు చేతికి రాగానే గుడ్డ తీసుకునే అలవాటు ఎప్పుడు పోతుందో!

యంత్రాన్ని ఫోటోగ్రఫీ నేర్పే కళాశాలకో, సైన్సు మ్యూజియానికో ఇవ్వండి. వాడకం వివరాల పుస్తకం ఉంటే అదీ జతచేయండి. డబ్బు ఆశించకండి. స్లైడ్లను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. కింది నుంచి వెలుగు వచ్చే దీపపు బల్ల మీద పరిచి మీరే మంచి కెమెరాతో ఒక్కొక్కటీ ఫోటో తీయండి.