గుణుపురం లాంటి ఊళ్లో, ఇంట్లోనే పొట్ట డయాలసిస్ కుదురుతుందా?

మీ నాన్నగారిని ఒడిశాలోని గుణుపురం నుంచి వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్‌కి (ఆసుపత్రిలో మెషీన్‌తో రక్తం శుద్ధి చేయడం) తిప్పలేమని, డాక్టరు పొట్ట డయాలసిస్ (పెరిటోనియల్ డయాలసిస్) చెప్పారని, పల్లెటూరి ఇంట్లో ఇన్ఫెక్షన్ రాకుండా చేయగలమా అని అడిగారు. చేయొచ్చండి. షుగరు వల్ల కిడ్నీలు పోయిన మా అమ్మకి పర్లాకిమిడిలో మా ఇంట్లోనే చేస్తున్నాం. అయితే దూరం ఒక్కటే చూసి ఒప్పుకోకండి. విసుక్కోకుండా రోజూ ఈ పని చేసే మనిషి ఇంట్లో ఉన్నారా లేదా ముందు తేల్చుకోండి. మా ఇంట్లో ఆ మనిషి మా ఆవిడ. ఆవిడ ఊరెళ్తే నేను.

చిన్న ఆపరేషన్ చేసి బొడ్డు పక్కన మెత్తటి ట్యూబు పెడతారు. సాధారణంగా రెండు వారాలు ఆగి, పుండు మానాక మొదలుపెడతారు. అక్కడి నుంచి రోజుకి మూడు నాలుగుసార్లు కడుపులో ఉన్న నీళ్లు దింపి, రెండు లీటర్ల డయాలసిస్ ద్రావణం ఉన్న కొత్త బ్యాగు ఎక్కించాలి. ఎక్కించిన నీళ్లు నాలుగు నుంచి ఆరు గంటలు లోపల ఉంటాయి, రాత్రి బ్యాగు ఇంకాసేపు. బ్యాగు పైన వేలాడదీస్తే ఎక్కుతుంది, కింద పెడితే దిగుతుంది, కరెంటుతో పనిలేదు. రాత్రిపూట మెషీన్‌తో చేసే పద్ధతి కూడా ఉంది గానీ, మన వైపు కరెంటు కోతలు చూసి నేనైతే దాని జోలికి వెళ్లమనను.

మీ భయమంతా ఇన్ఫెక్షన్ గురించే కదా. ఎక్కువగా అది ట్యూబు, బ్యాగు కలిపే ఆ కాసేపట్లోనే లోపలికి వెళ్తుంది. ఫ్యాను ఆపాలి, తలుపు వేయాలి, మాస్కు పెట్టుకోవాలి, సబ్బుతో చేతులు కడిగి తడి లేకుండా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఫోను మోగినా మా ఆవిడ ముట్టదు. పొరపాటున దేన్నైనా తాకితే మళ్లీ మొదటి నుంచి కడుక్కోవడమే. చలికాలంలో బ్యాగుని వేడినీళ్ల గిన్నెలో ముంచకండి, తడి తగిలితే క్రిములు చేరతాయి. హీటింగ్ ప్యాడ్ మీద పెట్టండి. వంశధారలో మునకలు కూడా ఇక బంద్. ఈ ఒక్క మాట మీ నాన్నగారితో ఒప్పించడమే కష్టం కావచ్చు!

దింపిన బ్యాగుని ప్రతిసారీ న్యూస్‌పేపరు మీద పెట్టి చూడండి. కింద అక్షరాలు చదవడానికి వస్తే ఫరవాలేదు. బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే మాత్రం, నొప్పి లేకపోయినా, ఆ రోజే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ బ్యాగు పారబోయకుండా వెంట తీసుకెళ్లండి. అమ్మకి ఒకసారి అలాగే అయి కడుపునొప్పి వస్తే, దగ్గర్లో ఒక క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. బ్యాగు చూడండి బాబూ అన్నా చూడలేదు. ఆ సాయంత్రమే విశాఖ వెళ్లిపోయాం. ఆ నీళ్లలో తెల్లకణాలు మైక్రోలీటరుకి 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఉంటే పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్ కింద లెక్క. యాంటీబయాటిక్‌ని బ్యాగులోనే కలిపి కడుపులోకి పంపుతారు, రెండు మూడు వారాల కోర్సు. అమ్మకి దాంతోనే తగ్గింది. మందుకి లొంగకపోయినా, ఫంగస్ అని తేలినా ట్యూబు తీసేసి హీమోకి మారుస్తారు.

నీళ్లు సరిగ్గా దిగకపోతే కంగారు పడకండి, చాలాసార్లు మలబద్ధకమే కారణం. బ్యాగులో గ్లూకోజు ఉంటుంది కాబట్టి షుగరు పేషెంట్లకి ఇన్సులిన్ డోసు మార్చాల్సి రావచ్చు. నీళ్లతో పాటు ప్రోటీన్ కూడా పోతుంది, అందుకని గుడ్లు, చేపలు బాగా పెట్టమంటారు. హీమో చేయించుకునే చుట్టాలెవరో చెప్పిన పథ్యం ఇక్కడ పాటిస్తే మనిషి నీరసించిపోవచ్చు. పొటాషియం చూసి డాక్టరు సరేనంటే అరటిపండు కూడా తినొచ్చు. బరువులు మాత్రం ఎత్తనివ్వకండి, హెర్నియా రావచ్చు.

డబ్బు సంగతి ఆపరేషన్‌కి ముందే తేల్చుకోండి. మీది ఒడిశా ఆరోగ్య కార్డు, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీకు రాదు. మీ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ట్యూబు వేయడానికేనా, నెలనెలా బ్యాగులకి కూడానా అన్నది విడివిడిగా అడగండి. అసలు ఖర్చంతా బ్యాగులదే.