మంటా, వాపా?

సందేహం: మా అక్కకు స్క్లెరోడెర్మా, అంటే చర్మం గట్టిపడే జబ్బు. ‘ఈ జబ్బులో మంట కలిగించే మాంసకృత్తులు పెరుగుతాయి’ అని ఒక ఆరోగ్య పత్రికలో చదివి పప్పు, గుడ్డు మానేసింది. పైగా తనకు ఒంట్లో మంటే లేదంటుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను మంట అనవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: తప్పు మీ అక్కయ్యది కాదు, ఆ వాక్యానిది. ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బ తగిలినా, క్రిములు చొరబడినా ఒళ్లు తనను కాపాడుకోవడానికి చేసే ఎదురుచర్య. లాటిన్‌లో ‘ఫ్లామా’ అంటే నిప్పు మంట. ఇన్‌ఫ్లమేషన్ అందులోంచే వచ్చింది కాబట్టి అనువాదకులకు వెంటనే మంట తట్టింది. కానీ తెలుగులో ఒంటి విషయంలో మంట అంటే మనకు తెలిసే బాధ: కళ్ల మంట, అరికాళ్ల మంట. (కడుపుమంటయితే పక్కింటివాళ్లు కారు కొన్నా వస్తుంది.) ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా మంట తెలియకపోవచ్చు.

క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇంగ్లీషు పేరు వేడిని పట్టుకుంది. సంస్కృత ‘శోథ’ ఉబ్బును పట్టుకుంది. మన ‘వాపు’ కూడా అంతే. కీళ్ల దగ్గర వాపు చక్కగా సరిపోతుంది. స్క్లెరోడెర్మాలో మాత్రం ఇబ్బంది. మొదట్లో వేళ్లు ఉబ్బి ఉంగరం పట్టదు, అది వాపే. తరవాత చర్మం గట్టిపడి బిగుసుకుంటుంది. గ్రీకులో ఆ పేరుకు అర్థమే ‘గట్టి చర్మం’. వాపును చూసి బలుపనుకోవడం పాత సామెత. బిగుతును వాపనడం దానికి తమ్ముడు.

అందుకే నా ఓటు ఇన్‌ఫ్లమేషన్‌కే. మొదటిసారి వాడినప్పుడు ఒక వాక్యంలో విడమరిస్తే చాలు. శోథ పాఠ్యపుస్తకాలకు సరే. ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాళ్లకు మళ్లీ దానికో అర్థం చెప్పాలి.

అసలు చిక్కు మాంసకృత్తులతో. ఆ మాట మనకు పోషకాహారం పాఠంలో పరిచయం, వినగానే కంచం గుర్తొస్తుంది. ఇక్కడివి సైటోకైన్లు. ఒంట్లోని కణాలే తయారుచేసుకునే ప్రోటీన్లు, ఒక కణం కబురు ఇంకో కణానికి చేరవేస్తాయి. వీటిని ‘సంకేత ప్రోటీన్లు’ అంటే, అవే సంకేతాలా, సంకేతాన్ని మోసేవా తేలదు. ‘కబురు మోసే ప్రోటీన్లు’ అంటే ఆ తంటా లేదు. ఇంటర్‌ల్యూకిన్-6, టీజీఎఫ్-బీటా లాంటివాటి కబుర్లు ఎడతెగకుండా వస్తుంటే సంయోజక కణజాలంలోని (ఒంటి భాగాలను పట్టి ఉంచే కణజాలం) ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ అనే నారలాంటి ప్రోటీన్‌ను మితిమీరి తయారుచేస్తాయి. చర్మం బిగిసేది అందుకే. మందు పనీ ఈ మాటతోనే అర్థమవుతుంది: ఈ జబ్బులో వచ్చే ఊపిరితిత్తుల సమస్యకు 2021లో అమెరికాలో అనుమతి పొందిన టోసిలిజుమాబ్, ఇంటర్‌ల్యూకిన్-6 కబురు కణానికి అందకుండా అడ్డుపడుతుంది.

‘కలిగించే’ అన్న మాటతోనూ పేచీ ఉంది. టీజీఎఫ్-బీటా చాలా సందర్భాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచేది కూడా. అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు.

ఆ పత్రిక ఇలా రాయాల్సింది: ‘ఈ జబ్బులో కణాల మధ్య కబురు మోసే కొన్ని ప్రోటీన్లు అవసరానికి మించి తయారవుతాయి.’ పప్పు సంగతి డాక్టరుగారిని అడిగి మళ్లీ మొదలుపెట్టమనండి.