హంసల కథకు చివరి పుట: ఒక యువ రచయిత్రికి లేఖ

మదనపల్లె

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. డబ్లిన్ నుంచి నీవు పంపిన వ్రాతప్రతి చేరి మూడు వారాలైంది. పన్నెండు ఐర్లండు కథలను తెలుగు పిల్లల కోసం తిరగరాసి, వాటితోపాటు ఐదు ప్రశ్నలు కూడా పంపావు. ప్రశ్నలకు వరుసగా జవాబులు రాయాలనే కాగితాలు ముందు పెట్టుకున్నాను గాని, మొదటి కథలోనే, పదమూడో పుట దగ్గర, నా మనసు ఆగిపోయింది. నాలుగు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను కనుక ఆ పుట గురించే రాస్తాను.

సవతితల్లి ఈఫ శాపంతో హంసలైపోయిన లిర్ పిల్లలు నలుగురూ మొదటి మూడు వందల ఏళ్లు డెర్రవారా సరస్సులో గడిపి, ఐర్లండుకూ స్కాట్లండుకూ నడుమనున్న మోయిల్ జలసంధికి చేరిన తర్వాత వచ్చే ఆ చలికాలపు రాత్రిని నీవు చాలా బాగా రాశావు. తుపానుకు చెల్లాచెదురైన సోదరులు, సీళ్లు పడుకునే బండ మీదికి తడిసి వణుకుతూ ఒక్కొక్కరే చేరుకోవడం, అక్క ఫిన్నూలా కాన్‌ను కుడి రెక్క కింద, ఫీయఖ్రాను ఎడమ రెక్క కింద, తన కవల సోదరుణ్ణి రొమ్ము ఈకల కింద పొదువుకోవడం చదువుతుంటే, తల్లి పోయిన ఇళ్లలో తమ్ముళ్లను పెంచి పెద్దచేసిన అక్కలు నా కళ్ల ముందు మెదిలారు. ఆ పుట రాసిన చేతితోనే పదమూడో పుటను ఎలా రాయగలిగావన్నదే నాకు అంతుపట్టలేదు.

తొమ్మిది వందల ఏళ్లు గడిచి శాపం తీరగానే ఆ నలుగురూ మళ్లీ చిన్నపిల్లలై తండ్రి ఒడిలోకి పరుగెత్తారని రాశావు. పక్కనే పెన్సిలుతో, 'పిల్లలకు దుఃఖం ఎందుకని ముగింపు మార్చాను' అని నాకోసం ఒక మాట చేర్చావు. అమ్మా, ఆ కథలో తండ్రి లేడు. వాళ్లు ఎగిరి వచ్చి చూసేసరికి లిర్ కోట ఉన్నచోట మట్టిదిబ్బలూ దురదగొండి పొదలూ తప్ప ఏమీ మిగలలేదు. చివరికి మాయో తీరాన ఈకలు రాలిపోయినప్పుడు బయటపడినవాళ్లు పిల్లలు కారు, ఎముకల గూళ్లలాంటి నలుగురు ముదుసలులు. ప్రాణం పోయేముందు ఫిన్నూలా తమను ఎలా పాతిపెట్టాలో చెబుతుంది: కాన్‌ను నా కుడిపక్కన, ఫీయఖ్రాను ఎడమపక్కన, నా కవలను నా ముఖానికి ఎదురుగా, నా చేతుల నడుమ ఉంచండి అని. అది సముద్రం మీది ఆ రాత్రే కదా! రెక్కలు పోయి చేతులు మిగిలాయి గాని, ఎవరు ఎక్కడ ఉండాలో ఆమె మరచిపోలేదు. ఆ చివరి పుటను కోసేసినప్పుడు నీవు చావును మాత్రమే తీసివేశాననుకున్నావు. నీవే అంత శ్రద్ధగా రాసిన రెక్కలకు జవాబును కూడా దానితోపాటు తీసివేశావు.

నీవు ఉన్న ఊళ్లోనే, పార్నెల్ చౌకులో ఉత్తరం వైపున, స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవారి జ్ఞాపకార్థం కట్టిన ఉద్యానం ఒకటి ఉంది. 1916 తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1966లో దాన్ని తెరిచారు. 1971లో అక్కడ నిలిపిన ఓషీన్ కెల్లీ శిల్పం ఏ యోధుడిదీ కాదు, హంసలుగా మారుతున్న లిర్ పిల్లలది. ఒక జాతి తన మృతవీరుల కోసం విగ్రహం పెట్టుకోవలసి వచ్చినప్పుడు, పిల్లల కథ అని నీవు పేరు పెట్టిన కథ దగ్గరికి వెళ్లింది. ఆ కథను వారి పూర్వికులు పిల్లలదని ఎన్నడూ వేరు చేయలేదు. కథ చెప్పడంలోని మూడు మహాశోకాలని పేరుపడ్డవాటిలో అది ఒకటి. పీటు మట్టిగడ్డలు మండే పొయ్యి చుట్టూ చలికాలపు రాత్రుల్లో తాతలూ, మేనత్తలూ, పనివాళ్లూ, పదేళ్ల పిల్లలూ కలిసి కూర్చుని విన్నవి ఆ కథలు. పొయ్యి ఒక్కటే, కథా ఒక్కటే. ఎవరికి ఎంత అందితే అంత తీసుకుని వెళ్లి పడుకునేవారు.

1937 నుంచి 1939 వరకు ఐర్లండు జానపద సంఘం, ప్రాథమిక పాఠశాలల సాయంతో ఒక గొప్ప పని చేసింది. సుమారు ఐదు వేల బడుల్లో పై తరగతులు చదివే పదకొండేళ్లు మొదలు పద్నాలుగేళ్ల పిల్లలు తమ ఇంట్లోనూ, ఇరుగుపొరుగునా ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పినవన్నీ నోటు పుస్తకాల్లో రాసుకొచ్చారు. ఆ సంపద మొత్తం దాదాపు 7,40,000 పుటలు. ఇప్పటికీ డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రంగా ఉంది. అందులో ఆటపాటలూ, పొడుపుకథలూ, మందాకులూ ఉన్నట్టే, దయ్యాలూ, నీళ్లలో మునిగిపోయినవారూ, 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి మొదలైన మహాక్షామంలో ఆకలితో పోయినవారూ ఉన్నారు. పిల్లవాడి చేతిరాతలో పెద్దవాళ్ల దుఃఖం ఉందన్నమాట. వినడానికే తగదని నీవు అనుకుంటున్నదాన్ని, ఆ పిల్లలు విని, గుర్తుపెట్టుకుని, సొంత చేత్తో రాశారు. ఇటీవలి కాలంలోనూ ఆ దేశం ఈ విషయంలో వెనుదీయలేదు. 1990లో మరీటా కాన్లన్-మెకెన్నా అదే క్షామం మీద పిల్లల కోసం రాసిన నవలలో, పాలుతాగే చెల్లెలు చనిపోతే ఇంటి పక్కనున్న హాథార్న్ చెట్టు కింద పాతిపెట్టి, మిగిలిన ముగ్గురు పిల్లలూ బంధువులను వెదుక్కుంటూ కాలినడకన బయలుదేరతారు. అక్కడి బడిపిల్లలు ఆ పుస్తకం చదువుతూనే పెరుగుతున్నారు.

నా బాధ ఒకటి చెప్పనీ. నాకు ఇరవై ఆరేళ్ల వయసులో, కరువు సంవత్సరంలో పదేళ్ల కుర్రవాడు ఇంటి ముసలి ఎద్దును సంతకు తోలుకుపోయి, సాయంత్రం పలుపుతాడు మాత్రమే భుజాన వేసుకుని తిరిగి వచ్చే కథ రాశాను. పిల్లల పత్రిక సంపాదకుడు ఒకాయన, 'ఇది పెద్దలది, పిల్లలు ఏడుస్తారు, ఎద్దు రాత్రికి ఇల్లు చేరినట్టు మార్చి, చివర ఒక నీతివాక్యం పెట్టండి' అన్నాడు. వారపత్రిక సంపాదకుడు, 'కథానాయకుడికి పదేళ్లు, ఇది పిల్లల పేజీకి పంపుకోండి' అన్నాడు. ఇద్దరి మధ్యా ఆ కథ తొమ్మిదేళ్లు నా ట్రంకుపెట్టెలో పడి ఉంది. పెళ్లయి, బిడ్డ పుట్టి, పారితోషికం కోసం ఎదురుచూసే రోజుల్లో నేను లొంగిపోయి, ఎద్దును ఇంటికి తోలుకొచ్చాను. కథ అచ్చయ్యాక తరగతిలో చదివి వినిపిస్తే, రెండో వరుసలో కూర్చున్న ఒక రైతుబిడ్డ లేచి, 'అయితే డబ్బు తిరిగి ఇచ్చేశారా మాస్టారూ?' అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. అమ్మిన ఎద్దు ఎందుకు తిరిగి రాదో ఆ బిడ్డకు తెలుసు. తెలియనట్టు నటించినవాణ్ణి నేను. ఆ సంపాదకులిద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు. ఈనాడు అట్ట మీద వయసులు అచ్చువేసి, ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకటి, తొమ్మిది నుంచి పదకొండు వరకు ఒకటి అని పుస్తకాలను చెప్పుల దుకాణంలోలాగా కొలతలుగా విడదీస్తున్న పద్ధతిని చూసినప్పుడల్లా నాకు ఆ తొమ్మిదేళ్లే గుర్తొస్తాయి.

మూడో ప్రశ్నలో, పిల్లలకు ఎలాంటి భాష వాడాలని అడిగావు. దానికి కార్క్ ప్రాంతపు మతగురువు ఒకాయన నాకంటే మంచి జవాబు చెప్పాడు. ఆయన పేరు ప్యాదర్ ఓ లీరి, 1839లో పుట్టినవాడు. ఐరిష్ నేర్చుకునే పిల్లల చేతిలో పెట్టడానికి ఒక్క పుస్తకమైనా లేదని బాధపడి 'షియనా' రాశాడు. 1894లో పత్రికలో మొదలైన ఆ కథ 1904లో పూర్తి పుస్తకంగా వచ్చింది. అప్పటి పండితులలో చాలామంది పదిహేడో శతాబ్దపు రచయిత కీటింగ్ వచనమే ఆదర్శమని పట్టుబడుతుంటే, ఆయన 'జనం మాట' అంటూ తన ఇంటిచుట్టూ వినబడిన భాషను అచ్చులోకి తెచ్చాడు. మన గిడుగు రామమూర్తి పంతులుగారి పోరాటం తెలిసిన తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పుస్తకంలో కథ చెప్పేది పెయిగ్ అనే అమ్మాయి, వినేవాళ్లు పొయ్యి దగ్గర చేరిన ఆడపిల్లలు. తన దగ్గరున్న మూడు షిల్లింగులనూ ముగ్గురు బిచ్చగాళ్లకు ఇచ్చేసిన చెప్పులు కుట్టే షియనా, ఆ తర్వాత పదమూడేళ్ల గడువుకు నల్లమనిషి అనే సైతాను దగ్గర డబ్బుసంచి తీసుకుని, గడువు తీరాక అతని వెంట వెళ్లడానికి మాట ఇస్తాడు. ఆత్మను అమ్ముకున్నవాడి భయం, పశ్చాత్తాపం, పెళ్లికి నోచుకోని ప్రేమ, ఊరివాళ్ల దురాశ అన్నీ అందులో ఉన్నాయి. చిన్నపిల్ల షీలా మధ్యమధ్య అడ్డుపడి ప్రశ్నలు వేస్తూనే ఉంటుంది. పిల్లల కోసమని మొదలైన ఆ పుస్తకం ఆధునిక ఐరిష్ వచనానికి పునాదిరాళ్లలో ఒకటైంది. నీవు మాత్రం నీ కథల్లో 'అనతికాలంలో', 'తదనంతరం' అని రాశావు. కడప జిల్లాలో పెరిగానని చెప్పావు కదా, మీ అవ్వ నోట ఎప్పుడైనా 'తదనంతరం' విన్నావా?

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎందుకంటే అదీ నోటికీ చెవికీ సంబంధించిందే. కథలను ఇంగ్లీషు పుస్తకాల నుంచి తీసుకున్నావని నీ పేర్లే చెబుతున్నాయి. 'నీవ్' అనే పేరును 'నియామ్' అనీ, 'సైవ్' అనే పేరును 'సద్భ్' అనీ రాశావు. ఫిన్నూలా కవల పేరును కొన్ని ప్రాంతాలవాళ్లు 'ఏ' అంటారు, కొన్ని ప్రాంతాలవాళ్లు 'ఈ' అంటారు. తెలుగులో ఒక్క అచ్చు అక్షరంతో తీరిపోయే పేరును నీవు 'ఆవోద్' చేశావు. పాత గేలిక్ అచ్చులో హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టి, ఆ ధ్వని మెత్తబడిందని చూపేవారు. 1960ల తర్వాత బడిపుస్తకాల్లో రోమన్ అచ్చు స్థిరపడేసరికి చుక్కకు బదులు హెచ్ అక్షరం వచ్చి చేరింది. ఆ హెచ్‌లనే నీవు ఒత్తులుగా చదివావు. పలికినట్టు రాయగలిగే లిపి మనకు ఉంది. ఇంగ్లీషు చదువరులకు కష్టమైన ఈ పేర్లు మన పిల్లలకు తేలిక కావాలి. డబ్లిన్‌లో ఉన్నావు కనుక పక్కింటివాళ్లను అడిగి, వాళ్లు పలికింది విని రాయి.

మా ఊరి కళాశాలలో బెల్‌ఫాస్ట్ కవి జేమ్స్ కజిన్స్ పాఠాలు చెప్పాడని చిన్నప్పటినుంచీ విన్నవాణ్ణి. ఐర్లండు మీద నా ఆసక్తి అక్కడే పుట్టింది గాని, ఆ భాష చెవిన పడింది మాత్రం మా అమ్మాయి డబ్లిన్‌లో ఉన్న రోజుల్లో, ఒక గ్రంథాలయంలో సాయంత్రాలు జరిగే తరగతిలో. బడిలో పన్నెండేళ్లకు పైగా ఐరిష్ చదివి, నోరు తెరిచి నాలుగు మాటలు కలపలేని నడివయసువాళ్లే అక్కడ ఎక్కువ. 2022 జనగణనలో దాదాపు 18.7 లక్షల మంది తమకు ఐరిష్ మాట్లాడడం వచ్చని చెప్పుకున్నారు. బడి బయట రోజూ మాట్లాడేవారు మాత్రం 72,000 లోపే. ఆ తరగతిలో నా పక్కన కూర్చున్న ఒకావిడ, రాత్రిళ్లు కొడుక్కి చదివి వినిపించే బొమ్మల పుస్తకాల వల్లే తన భాష తనకు తిరిగి దక్కిందని నాతో చెప్పింది. ఒక పేజీలో నాలుగు వాక్యాలు, అవీ బిగ్గరగా చదవాలి, పొరపాటు పలికితే ఐదేళ్లవాడు దిద్దుతాడు. ఆ పుస్తకాలను ప్రభుత్వ ప్రచురణ సంస్థ అన్ గూమ్, కానమారాలో 1985లో మొదలైన క్లో ఇయర్-ఖోనఖ్త వంటివారు వేస్తున్నారు. అచ్చువేసేది బిడ్డ కోసమే అయినా, తల్లి దానితోనే తన భాష దిద్దుకుంటున్నది. నీ పుస్తకానికి 'బాలల కథలు' అని ఉపశీర్షిక ఉండాలా అని అడిగావు. తీసివెయ్యి. అమెరికాలోనూ ఐర్లండులోనూ పెరుగుతున్న మన పిల్లలకు నీ పుస్తకం చదివి వినిపించే తల్లిదండ్రులకు కూడా, ఒకప్పుడు తమదైన తెలుగు అందులో వినబడాలి.

డబ్లిన్‌లోనే పుట్టిన స్విఫ్ట్ 1726లో 'గలివర్ ప్రయాణాలు'గా మనిషి మీద రాసిన ఆగ్రహాన్ని కత్తిరించి కత్తిరించి, మరుగుజ్జుల దేశం ఒక్కటే మిగిల్చి మన చేతికిచ్చారు. గుర్రాలు మనిషి కంటే వివేకంగా బతికే నాలుగో ప్రయాణం ఉందని నాకు ముప్ఫై ఏళ్లు నిండేదాకా తెలియదు. చిన్నప్పుడు నా నుంచి దాచిపెట్టినవాళ్ల మీద ఆరోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. నీ పాఠకులకు నీ మీద అలాంటి కోపం రావడం నాకు ఇష్టం లేదు.

వ్రాతప్రతిని తిరిగి పంపుతున్నాను. పదమూడో పుట మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. వీలైతే ఒక ఆదివారం వెస్ట్‌మీత్ వెళ్లి డెర్రవారా ఒడ్డున కాసేపు కూర్చో. నేను వెళ్లిన రోజు గాలి బలంగా ఉంది, నీళ్ల మీద హంసలు నిజంగానే ఉన్నాయి. తిరిగి వచ్చాక ఆ చివరి పుటను మళ్లీ రాసి, ఎవరైనా పిల్లవాణ్ణీ, ఎవరైనా ముసలివాళ్లనూ ఒకేచోట కూర్చోబెట్టి బిగ్గరగా చదివి, ఆ తర్వాతే నాకు పంపు. అది చేరాక మిగిలిన పదకొండు కథల గురించి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు