ఎండుకొమ్మలతో కిటికీ అలంకరణ: బెరడు రాలకుండా, పొడి పడకుండా, వంపు తిరగబడకుండా

మీరు అడిగినవి మూడు. కిటికీకి అడ్డంగా వేలాడదీసిన కొమ్మకి బెరడు పెచ్చులుగా రాలుతోంది, కింద గట్టు మీద సన్నటి పొడి పడుతోంది, పైకి ఉండాల్సిన వంపు కిందికి తిరిగిపోతోంది. మొదటి రెండూ కొమ్మను సిద్ధం చేసే దగ్గరే తేలిపోయే విషయాలు. ఈ పనిలో ముప్పాతిక వంతు అదే, అందరూ తొందరపడేదీ అక్కడే.

బెరడు సంగతి ముందు. బెరడుకీ కట్టెకీ మధ్య ఒక పలచటి పొర ఉంటుంది. చెట్టు జోరుగా చిగుర్లు వేసే రోజుల్లో అది మెత్తగా ఉంటుంది కాబట్టి అప్పుడు కోసిన కొమ్మ ఆరేకొద్దీ బెరడు ఊడి వస్తుంది. చెట్టు ఎదుగుదల మందగించి ఉన్న కాలంలో, అంటే చిగురు పట్టకముందు కోస్తే చాలావరకు అంటుకునే ఉంటుంది. ఇప్పటికే ఊడుతున్న బెరడుని జిగురు పెట్టి నిలపాలని చూడకండి, పక్క నుంచి మళ్లీ లేస్తుంది. మొత్తం ఒలిచేసి 120 నంబరు సాండ్ పేపర్‌తో రుద్దండి. జామ లాంటి వాటికి బెరడు ఎలాగూ పొరలుగా రాలుతుంది కాబట్టి నేనైతే మొదటే ఒలిచేస్తాను.

మునగ లాంటి మెత్తటి కొమ్మలు పనికిరావు, ఆరాక పుటుక్కున విరుగుతాయి. గన్నేరు, జిల్లేడు జోలికి పోవద్దు. రెండూ విషమే, ఒలిచేటప్పుడు కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. నేల మీద ఎన్నాళ్ల నుంచో పడి ఉన్న కొమ్మని గోటితో నొక్కి చూడండి. గుంట పడితే అది పుచ్చిపోయినట్టే.

ఆరబెట్టడం నీడలో, గాలి తగిలే చోట, నేలకి ఆనకుండా. రెండు మూడు సెంటీమీటర్ల మందం కొమ్మకి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, తేమ వాతావరణంలో ఇంకా ఎక్కువ. రోజులు లెక్కపెట్టడం కంటే వారానికోసారి తూకం వేయడం నమ్మకమైన పద్ధతి: వరుసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టు. కావలసిన పొడవు కంటే రెండు వైపులా ఐదేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, కోసిన చివరలకి పెయింటో మైనమో పూయండి. తేమ చివర్ల నుంచే వేగంగా పోతుంది, అందుకే పగుళ్లు అక్కడ మొదలవుతాయి. ఆరాక ఆ ముక్కలు కోసి పారేయొచ్చు. ఇంత చేసినా పొడుగునా ఒక చీలిక రావచ్చు. కట్టె మధ్య నుంచి అంచు వైపు కంటే చుట్టూతా ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి గుండ్రటి కొమ్మకి అది మామూలే. చీలిక ఉన్న వైపు గాజు వైపుకి తిప్పేయండి.

ఇక పొడి. పౌడర్‌లా మెత్తగా ఉండి, కొమ్మ మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అది కట్టెలోని పిండి పదార్థం తినే పురుగు పని. రంధ్రాలన్నీ కొత్తవి కాకపోవచ్చు. కొమ్మ కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు చూడండి, కొత్తగా పొడి పడితే లోపల ఇంకా పురుగు ఉన్నట్టే. పైన వార్నిష్ పూస్తే అది చావదు. వేడి చేయాలి. దేశాల మధ్య సరుకు పంపే చెక్క పెట్టెలకి ఉన్న నిబంధన ప్రకారం కట్టె నడిమి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండాలి. వేడి లోపలికి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్ల కొమ్మని ఓవెన్‌లో 65 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచండి, దగ్గరే ఉండి చూసుకుంటూ. ఓవెన్‌లో పట్టని పొడుగు కొమ్మకి బాగా పురుగు పట్టి ఉంటే వదిలేసి ఇంకోటి వెతుక్కోవడమే తెలివైన పని. సన్న పుల్లలైతే ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూటగట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచినా సరిపోతుంది.

వంపు కిందికి తిరగడానికి కారణం బరువు. కొమ్మ రెండు తాళ్ల మీద వదులుగా కూర్చుంటే బరువైన భాగం కిందికి దొర్లుతుంది. తాడుని కొమ్మ చుట్టూ ఒక్క మెలిక వేసి వదిలేస్తే ఇదే జరుగుతుంది. వంపు పైకి ఉండాలంటే పైవైపున 1.5 మి.మీ. రంధ్రం చేసి చిన్న కొక్కెం మర బిగించండి. తాడు అక్కడి నుంచి పైకి వెళ్తే కొమ్మ దొర్లదు. అయితే వంపు మరీ ఎక్కువై మధ్య భాగం ఆ కొక్కేల కంటే ఎత్తులో ఉంటే అదీ నిలవదు, కొక్కేలని ఇంకాస్త మధ్యకి జరపాలి. ఎక్కడ బిగించాలో ఇలా తేల్చండి: అలంకరణలన్నీ కట్టేశాక కొమ్మని ఒక వేలి మీద నిలిపి తూకం కుదిరే చోటు గుర్తు పెట్టుకుని, దానికి రెండు వైపులా సమాన దూరంలో కొక్కేలు పెట్టండి. మొదలు లావు, చివర సన్నం కాబట్టి ఆ చోటు సరిగ్గా మధ్యలో ఉండదు. టేపుతో కొలిచి సగం చేసేవాళ్లకి ఎప్పుడూ ఒక వైపు వాలేది అందుకే.

మీటరు పొడవు, మూడు సెం.మీ. మందం ఉన్న ఆరిన కొమ్మ దాదాపు అరకిలో తూగుతుంది. గాజుకి అంటించే కొక్కేలు ఎండకి జారిపోతాయి. గోడలో 6 మి.మీ. రంధ్రం చేసి ప్లగ్ పెట్టి మర బిగించండి.

వేలాడదీయడం కాకుండా నాలుగు కొమ్మల చట్రం కట్టాలనుకుంటే మేకులు వద్దు, ఎండుకొమ్మ చీలుతుంది. మూలల్లో కొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట రెండింటికీ మందంలో పావు వంతు గాటు పెట్టి, 2 మి.మీ. నూలు తాడుతో కట్టండి. ఒక కొమ్మకి ముడి వేసి, రెండు కొమ్మల చుట్టూ ఎదురెదురుగా మూడు చుట్లు తిప్పి, తర్వాత రెండు కొమ్మల మధ్య నుంచి ఆ చుట్లనే రెండు సార్లు బిగించి లాగి ముడి వేయాలి. మూలకి ఒకటిన్నర మీటర్ల తాడు చాలు. పచ్చి కొమ్మలకి ఎంత బిగించి కట్టినా అవి ఆరి సన్నబడగానే కట్టు వదులవుతుంది. చివరి ముడులకి ముందు రెండు ఐమూలలూ కొలిచి సమానం చేసుకోండి, లేకపోతే చట్రం పక్కకి ఒరుగుతుంది.

ఎండ పడే కిటికీకి గ్లూ గన్ జిగురు నమ్మొద్దు, మెత్తబడి కాయలూ చెక్క బిళ్లలూ జారిపడతాయి. బిళ్లలు పూర్తిగా ఆరిన కొమ్మ నుంచే కోసి, అంచుకి 6 మి.మీ. లోపల 2 మి.మీ. రంధ్రం చేసి దారానికి గుచ్చండి. పైపూతగా మెరవని వాటర్ బేస్ వార్నిష్ పలచగా రెండు పూతలు చాలు. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి పూర్తిగా ఆరనిచ్చాకే పారేయాలి. గాజుకీ కొమ్మకీ మధ్య కనీసం ఐదు సెం.మీ. ఖాళీ ఉంచండి, గాజు మీద చేరే చెమ్మ తగిలితే బూజు పడుతుంది. తలుపు లోపలికి తెరుచుకునే కిటికీ అయితే పూర్తిగా తెరిచి చూశాకే గోడకి రంధ్రం వేయండి.